అరవై మూడు ఇళ్ల పిలుపు

2204వ కాకి

దించినవి: నాలుగు. వలలో చిరుగులు: రెండు. కట్టిన ముళ్లు: పదకొండు.

కొయ్య పుస్తకంలో ఈ మూడు అంకెలూ రాసి మూసెయ్యాలి. నాకు ముందు రాసినవాళ్లంతా అంతే చేశారు. నేను చెయ్యను. ఇవాళ నాకు ఒళ్లు మండిపోతోంది, పేజీలు బోలెడున్నాయి.

దించిన నాలుగింటిలో మూడు మామూలువే. మందుల జాబితా, సరుకుల ఆకాశ ఓడ ఆలస్యం, ఆలస్యానికి చింతిస్తున్నామని ఇంకోటి. నాలుగోది ఓడల కార్యాలయం నుంచి నా పేరు మీదే వచ్చింది. "కొయ్య కాపలాదారు మైలపిల్లి నరసమ్మకు. మూడుసార్లు నోటీసు పంపినా అందినట్టు తెలపలేదు. ఇది తీవ్రమైన నిర్లక్ష్యం."

ఏ నోటీసు? కొయ్య నా చేతికొచ్చి పద్నాలుగు నెలలైంది. ఒక్క దింపుడు తప్పలేదు. జ్వరంతో ఎక్కాను, వేళ్లు కమిలిపోతే నోటితో ముడి బిగించాను. ఎక్కడో దూరాన వెచ్చగా కూచున్నవాడు నాది నిర్లక్ష్యం అంటాడు.

నా పని ఇది. కొయ్య అంటే ఎత్తైన స్తంభం, దాని చివర ఉత్తరాలు పట్టడానికి ఇంటి కప్పంత వెడల్పున తీగల వల ఉంది. మంచు రవ్వలు కొట్టి అది చిరుగుతూ ఉంటుంది. మా ముత్తాతల ముత్తాతలు సముద్రంలో వల వేసినవాళ్లు. ఇక్కడ సముద్రం మంచు కింద ఎక్కడో ఉందంటారు, ఎవరూ చూడలేదు. ముడి మాత్రం చేతుల్లో మిగిలింది. మా నానమ్మ దగ్గర కొమ్ముతో చేసిన వల అల్లే సూదులు రెండుండేవి. నా దగ్గరున్నది ముక్కు విరిగినది. మంచిది మా అన్న దాసు పట్టుకుపోయాడు.

పట్టుకుపోయి చచ్చిపోయాడు. కొయ్య ఎక్కేటప్పుడు ఇరవయ్యో మెట్టు దగ్గర వాడి పేరు గీసి ఉంటుంది. నలభై ఒక్క పేర్లలో వాడిది తొమ్మిదోది. ఆరేళ్ల కిందట రెండు బళ్లు కట్టుకుని, మంచు పల్చగా ఉన్న చోటు వెతకడానికి అవతలి వైపుకి దాటి, మళ్లీ ఒక్క కబురూ లేనివాళ్లు. ఆ దాటిన రోజు నుంచే ఈ పుస్తకంలో కాకి లెక్క మళ్లీ ఒకటితో మొదలైంది.

కాకి అంటే నెత్తిమీద తిరిగే తపాలా యంత్రం. రోజుకోసారి తూర్పు అంచున లేచి పదకొండు నిమిషాల్లో పడమట మునుగుతుంది. ముసలాళ్లు పెట్టిన పేరు. కాకి వస్తే చుట్టాలొస్తారట. రెండువేల రెండువందల నాలుగు సార్లు వచ్చింది. ఒక్క చుట్టం రాలేదు.

2205వ కాకి

దించినవి: ఒకటి. చిరుగులు: లేవు.

గురయ్య తాత దగ్గరికి వెళ్లాను. నాకు ముందు ఇరవై రెండేళ్లు కొయ్య ఆయనదే. మోకాళ్లు పోయాక నాకిచ్చాడు. కార్యాలయం ఉత్తరం చదివి వినిపించాను.

"ఒచ్చినవన్నీ దిగుతాయి" అన్నాడు.

"దిగనేదు కదేటి."

"దిగనేదంటే రానేదని అర్థం. ఆల్లు పంపనేదు. రాసుకున్నోడికి రాయడమే పని."

"మూడుసార్లు పంపినాం అంటన్నారు తాతా."

"మరయితే కాకినడుగు, నన్నడుగుతావేటి?"

వెటకారంగానే అన్నాడు. నేను నిజంగానే అడిగాను. సామాన్ల కొట్లో కాకి గురించిన పుస్తకం ఉంది, నాలుగువందల పేజీలు. నాకెవరూ ఏమీ నేర్పలేదు. మెట్లు ఎలా ఎక్కాలో, మీట ఎప్పుడు నొక్కాలో చెప్పారు, అంతే. మిగతాదంతా ఆ పుస్తకం పక్కన కూచుని నేనే తవ్వుకున్నాను. ఇవాళ రెండువందల పన్నెండో పేజీ దొరికింది.

నా మాటల్లో రాస్తాను. కాకి కడుపులో మా ఊరికి రెండు గదులున్నాయి. ఉత్తరం రాగానే కాకి వాసన చూస్తుంది. మంచిదనిపిస్తే ముందు గదిలో పెడుతుంది. చెత్త అనిపిస్తే వెనక గదిలో పడేస్తుంది. మేం వాడే పద్ధతి పేరు పాప్, ఊళ్లో దింపుడు అంటారు. దానికి ఒక్క నిమిషం చాలు. ముందు గది ఊడ్చుకొచ్చి మా యంత్రంలో పోసి, పైన చెరిపేస్తుంది. వెనక గది ఒకటుందని కూడా దానికి తెలియదు.

ఇంకో పద్ధతి ఉంది. ఐమ్యాప్. అది ఊడ్చుకురాదు. పైనున్నవి పైనే ఉంచి, అన్ని గదుల తలుపులూ తీసి చూపిస్తుంది. ఏది ఏ గదిలో ఉండాలో మనమే మార్చుకోవచ్చు. పేజీ అంచున ఎవరో దీన్ని చూపుడు అని రాశారు. కానీ చూపుడికి పదకొండు నిమిషాలూ వల కాకితోపాటు తిరుగుతూ ఉండాలి. మోటారు గడ్డకట్టకుండా వెచ్చబెట్టాలి. ఒక ఇంటికి రోజంతా వచ్చే వెచ్చన దానికే పోతుంది.

పేజీ చివర ఇంకో వాక్యం ఉంది. వెనక గదిలో పడినది ముప్ఫై రోజులుంటుంది. తరవాత కాకి దాన్ని తనే తుడిచేస్తుంది.

రేపు మా ఇంటి వెచ్చన మోటారుకి పెడతాను. నా ఇల్లు, నేనొక్కదాన్నే. ఒకరోజు వణికితే చావను.

2206వ కాకి

దించినవి: లేవు. దించలేదు. చూశాను.

కిందికి దిగగానే రాస్తున్నాను.

కాకి లేచింది. పెద్దాయన, మేం చుట్టూ తిరిగే పెద్ద గ్రహం, ఎప్పటిలాగే నెత్తిన ఉన్నాడు. మా వైపు ఆకాశంలో ఆయన లేవడు, మునగడు. గోధుమరంగు చారలు, మధ్యలో నీలం సుడి, చాచిన రెండు చేతులకీ అందనంత వెడల్పు. మీట తిప్పాను. వల మూలుగుతూ కాకి వెంట తిరిగింది. తెర మీద తలుపులు తెరుచుకున్నాయి.

ముందు గది: సున్నా.

వెనక గది: వెయ్యిన్నీ ఎనిమిదివందల తొంభై మూడు.

చెత్త ఇంతుందా అని నవ్వొచ్చింది. కార్యాలయం పేరుతో వెతికాను, మూడు నోటీసులూ అందులోనే ఉన్నాయి. చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ ఒకే నోటీసు ఒకేసారి పంపారు, కాకి చెత్త అనుకుంది. "దక్షిణ స్థావరం శాశ్వతంగా మూసివేయబడినది. వెచ్చన, గాలి, ఆహారం లేవు. ఎవరూ అటు ప్రయాణించరాదు." దొరికింది, సరే. మిగతా చెత్త ఏమిటో చూద్దామని అడుక్కి జరిపి, అట్టడుగునున్నది తెరిచాను.

"గనగళ్లవారి ఇల్లు, వినండి. సూరాడవారి ఇల్లు, వినండి. కోడావారి ఇల్లు, వినండి."

మెట్టు మీదే కూలబడ్డాను.

వాడ ఉత్తరం. మా వాళ్లు తప్ప ఇలా ఇంకెవరూ రాయరు. పడవలో ఉన్నవాడు ఒడ్డునున్న అందరికీ వినబడేలా కేక వేసేవాడట. ఆ అలవాటు. ఏ కబురైనా అరవై మూడు ఇళ్లనూ వరసగా పిలిచి, అరవై మూడు ఇళ్లకూ ఒకేలా పంపాలి. ఒక్కరికే రాస్తే అది ఉత్తరం కాదు, గుసగుస. గుసగుస తప్పు. ఊళ్లో అయితే నోటితో చెప్పుకుంటాం, కాకితో పని లేదు. కాకితో వాడ ఉత్తరం పంపాల్సినవాళ్లు ఈ లోకం మొత్తంలో నలభై ఒక్కమందే.

మా ఇంటి పేరు వరసలో ఆఖరున ఉంది. "మైలపిల్లివారి ఇల్లు, వినండి." ఆ కింద ఇలా ఉంది:

"రెండువేల నూట డెబ్బయి ఏడో రోజు. అందరం బాగున్నాం. పెద్దాయన బాగున్నాడా? ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆయన గురించి సెప్తే నమ్మడం నేదు. అంత పెద్దది పడిపోకుండా ఎలాగుంటాది అంటన్నారు. ఇక్కడ ఆకాశం నిండా సుక్కలే. సెయ్యి పెడితే అంటుకుంటాయనిపిత్తాది. రుక్కయ్య బావకి దగ్గు తగ్గినాది. దాసు వల కడతా పాటలు పాడతన్నాడు, మీరయినా ఆపమని సెప్పండి. మీరు పలకరని తెలుసు. రాయకుండా ఉండనేకపోతన్నాం. రాసినది గురయ్య కూతురు కన్నమ్మ."

పైకి చూశాను. ఎందుకో తెలియదు. కాకి అప్పటికే పడమట, పెద్దాయన అంచు మీద చిన్న చుక్కగా పాకుతోంది. ఆ చుక్క కడుపులో మా అన్న పాట పాడుతున్నాడు. ఎప్పుడూ అపస్వరమే. ఆరేళ్లుగా రోజూ నా నెత్తిమీద నుంచి వెళ్తున్నాడు.

ముప్ఫై రోజులు, రోజుకి అరవై మూడు. వెయ్యిన్నీ ఎనిమిదివందల తొంభై. వేళ్ల మీద లెక్కపెట్టాను. నిజమైన చెత్త ఒక్కటి కూడా లేదు.

తెర ఆరిపోయింది.

2207వ కాకి

దించినవి: అన్నీ.

మొదట గురయ్య తాత ఇంటికి వెళ్లి అరిచాను. సిగ్గుపడుతూ రాయడం లేదు. ఆయన గిన్నెలో గంజి తాగుతున్నాడు.

"దింపుడు పెట్టినదెవరు?" అన్నాను.

"నానే. మొదట్లో సూపుడే ఉండేది. దాటినోల్లు ఇంకా దారిలో ఉండగా, ఎనిమిదో రోజు నానే మార్చినాను."

"ఎందుకు మార్చినావు? ఎనక గది ఉన్నాదని నీకు తెలుసా నేదా?"

"తెలుసు. సెత్త గది. సెత్తతో పనేటని..."

"నీ కూతురు ఉన్నాది అందులో!"

గిన్నె కింద పెట్టాడు. పడెయ్యలేదు. చాలా నెమ్మదిగా పెట్టాడు. కన్నమ్మ రాసినది నాకు గుర్తున్నంత చెప్పాను. వింటూ ఆయన నా మొహం చూడలేదు, నా చేతులు చూశాడు.

"ఆ యేడు ఎచ్చన సాలనేదు నర్సీ" అన్నాడు చివరికి. "రోగుల గదికి పెట్టాలా, సూపుడికి పెట్టాలా అన్నారు. పెద్దలు నా మీద ఒదిలీసినారు. దింపుడు పెడితే ఆ గదికి సరిపోద్దని లెక్క కట్టినాను. దాటినోల్లకి ఇచ్చిన యంత్రం అంతకు ముందే దింపుడుకి కట్టినాను, ఆల్లకీ ఎచ్చన మిగులుద్దని."

"ఆ గదిలో ఎవరున్నారని?"

"ఊపిరి జ్వరం వొచ్చినోల్లు. ముగ్గురు పోనారు. నువ్వొక్కర్తివే లేసినావు."

నాకప్పుడు పదహారేళ్లు. గది గుర్తుంది, గోడ వెచ్చగా ఉండడం గుర్తుంది. ఆ వెచ్చన ఎక్కడినుంచి వచ్చిందని ఎప్పుడూ అడగలేదు. తిట్టడానికి తెచ్చుకున్న మాటలు నోట్లో ఉండగానే, ఆ గోడ వెచ్చదనం మళ్లీ వీపుకి తగిలింది. రెండువేల పైచిలుకు ఉత్తరాలు తుడుచుకుపోయాయి, నేను బతికాను. ఈ రెంటినీ ఎలా తూచాలో నాకు తెలియదు. ఎవరికైనా తెలిస్తే వచ్చి చెప్పండి.

ఆయన తన ఇంటి వెచ్చన తీసుకోమన్నాడు. కాకి లేచింది. నిన్న చదివిన అట్టడుగు ఉత్తరం లేదు. నిన్నటితో దాని ముప్ఫై రోజులూ అయిపోయాయి. పైన కొత్తది ఒకటి చేరింది. అంటే రోజూ ఇదే, ఒకటి పుట్టడం, ఒకటి చావడం, లెక్క కదలకపోవడం. నేను వెనక గదిలో ఉన్న ప్రతిదాన్నీ ముందు గదిలోకి లాగి దింపేశాను. ఇక చావవు.

కిందికొచ్చి చివరి రోజులవి చదివాం.

"మా వేడి యంత్రం అరిగిపోనాది. ఇక్కడ ఉండనేము. మీ వైపుకి పద్దెనిమిది రోజుల దారి. దక్షిణ స్థావరానికి ముప్ఫై రోజులు. మీరు ఉన్నారో నేరో తెలీదు. ఆరేళ్లలో ఒక్క మాట పలకనేదు. నేని ఊరికి పిల్లల్ని ఏసుకుని ఎలాగొస్తాం? రెండువేల రెండువందల పదిహేడు దాకా సూస్తాం. పలక్కపోతే మీరు పోనారనుకుని దక్షిణానికి తిరుగుతాం."

దక్షిణాన గాలి లేదు. నోటీసు నా జేబులోనే ఉంది.

పది రోజులు.

2208వ కాకి

దించినవి: రెండు. చిరుగులు: ఒకటి. పంపినవి: నలభై ఒకటి.

ఊరంతా పెద్ద గదిలో చేరింది. ఊరిపెద్ద బంగారమ్మత్త నా చేతిలోంచి కాగితాలు లాక్కుని తనే చదివింది. రుక్కయ్య దగ్గు దగ్గర ఎవరో పగలబడి నవ్వారు, ఆ నవ్వు అలాగే ఏడుపైంది. కార్యాలయానికి చెబుదామంటే వాళ్ల జవాబుకే ఇరవై రోజులు. మనమే వాళ్ల దగ్గరికి వెళ్దామంటే పద్దెనిమిది. ఉత్తరమే దారి.

బంగారమ్మత్త వాడ ఉత్తరం చెప్పింది, నేను రాశాను. నలభై ఒక్క పేర్లూ పిలిచి, బతికే ఉన్నాం, దక్షిణం మూసేశారు, రండి. కాకి లేవగానే నలభై ఒక్కరికీ పంపాను. జనం కొయ్య కింద నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నేనెంత వెర్రిదాన్నో రేపు రాస్తాను.

2210వ కాకి

దించినవి: అరవై మూడు, వెనక గదిలోంచి. వాడవాళ్లు వంతులేసుకుని వెచ్చన ఇస్తున్నారు.

నిన్న జవాబు రాలేదు, ఇవాళా రాలేదు. కన్నమ్మ మామూలుగానే రాసింది. "మీరు పలకరని తెలుసు" అనే రాసింది.

పుస్తకం మళ్లీ తిరగేశాను. వాసన చూసేది కాకే. వాళ్ల వైపుకైనా మా వైపుకైనా అదే ముక్కు. ఒకే మాట నలభైమందికి పోతే చెత్త. మొదట్లో పేర్ల వరస ఉంటే మరీ చెత్త. ఆ నియమం దాని పుట్టుకలోనే ఉంది, మనం మార్చలేం. మా ఉత్తరం వాళ్ల వెనక గదిలో పడి ఉంటుంది. వాళ్లది దింపుడు. వాళ్లకి వెనక గది కనబడదు.

ఒకరి వెనక గదిలో ఒకరం నిలబడి అరుచుకుంటున్నాం.

బంగారమ్మత్తకి చెప్పాను. ఒక్కొక్కరు ఒక్కరికే రాయాలి. ఏ రెండూ ఒకలా ఉండకూడదు. పేర్లు పిలవకూడదు.

"ఒక్కరికే రాస్తే అది ఉత్తరమేటే? గుసగుస."

"గుసగుసే రాయండత్తా. కాకికి గుసగుసే మంచి ఉత్తరం."

"మా అమ్మ సచ్చినా అలాటి పని సేసుండదు."

"మీ అమ్మకి కాకి నేదు. ఒడ్డుండేది, అరిస్తే ఇనబడేది. ఇక్కడ అరిస్తే సెత్త కింద కడతన్నారు మనల్ని!"

"నోరు తగ్గించు. పెద్దంతరం సిన్నంతరం నేదు గుంటకి."

అప్పుడు గురయ్య తాత గోడ పట్టుకుని లేచాడు. "నాను రాత్తాను" అన్నాడు. "నా బిడ్డకి నాను గుసగుస సెప్పుకుంటాను. తప్పయితే తప్పు నాది. ఇప్పటికే ఒకటి ఉన్నాది, దాని పక్కన కూకుంటాది."

2213వ కాకి

దించినవి: అరవై మూడు. చిరుగులు: నాలుగు. పంపినవి: నిన్న ముప్ఫై, ఇవాళ ముప్ఫై రెండు.

ఇలాంటిది నేనెన్నడూ చూడలేదు. జనం కొయ్య గదిలోకి ఒక్కొక్కరే వస్తున్నారు. తలుపు వేసుకుంటున్నారు. మా ఊళ్లో తలుపు వేసుకోవడం చావుకి, పురుడుకి తప్ప లేదు. లోపల గంటసేపు చప్పుడుండదు. బయటికొచ్చేటప్పుడు తప్పు చేసినవాళ్లలా నేల చూస్తూ వస్తున్నారు. మొహాలు మాత్రం కడిగినట్టున్నాయి.

కోడా సింహాలు బావ మూడుసార్లు లోపలికెళ్లి మూడుసార్లు బయటికొచ్చాడు. "అందరికీ అయితే నోరొస్తాది నర్సీ. ఒక్కడికయితే ఏటి సెప్పాలో తెలీడం నేదు" అన్నాడు. ఆరడుగుల మనిషి, బండి ఇరుసు భుజం మీద మోస్తాడు.

"ఆడు ఎదురుగా కూకుంటే ఏటంటావు?"

"ఏటీ అనను. సుట్ట ఇత్తాను."

"అదే రాయి."

రాశాడు. గుసగుస కాబట్టి ఇంకొకరు చదవకూడదని ప్రతివాళ్లూ తమ బొటనవేలితోనే మూత వేశారు. నేను పంపడమే, తెరవలేదు. ఒట్టు. అరవై రెండు ఇళ్లు, ఎవరి మాట వాళ్లది. ఈ ఊరి కడుపులో ఇన్ని విడి మాటలున్నాయా? అవన్నీ మూటకట్టి వల మీంచి విసురుతుంటే, పెద్దాయన కింద నేను ఈగంత ఉన్నాను. నా చేతుల్లో ఊరంత బరువుంది.

బంగారమ్మత్త చివర వచ్చింది. రాసింది. వెళ్తూ, "మీ ఇల్లు ఒక్కటే మిగిలిపోనాది" అంది. నేను పని ఉందన్నాను.

2215వ కాకి

దించినవి: అరవై మూడు. అన్నీ వెనక గదిలోవే. ఒక్కరికీ జవాబు లేదు.

కన్నమ్మ ఈసారి నాలుగే వాక్యాలు రాసింది. "బళ్లు సర్దతన్నాం. ఎల్లుండి ఆఖరి రోజు. దక్షిణానికి తిండి లెక్క సూసినాం, సరిపోద్ది. మీ అందరికీ దణ్ణం."

ఎందుకు అందడం లేదు? అరవై రెండు విడి ఉత్తరాలు. ఒక్కటైనా ముందు గదిలో పడాలి కదా? పుస్తకం మొత్తం తిరగేశాను. గోడకేసి తన్నాను. కాలు వాచింది.

కాకి లేవడానికి ఐదు నిమిషాలుంది. నేనెందుకు రాయలేదో నాకు తెలుసు. దాసు మీద కోపం. చచ్చిపోయాడనుకున్నప్పుడే తగ్గలేదు, బతికున్నాడంటే ఇంకా పెరిగింది. జ్వరంతో రోగుల గదిలో ఉన్నదాన్ని వదిలేసి వెళ్లాడు. ఎదురు కూచుంటే ఏమంటానో అదే రాశాను. ఇది గుసగుస అయినా నాది కాబట్టి ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"దాసన్నా. మంచి సూది నువ్వెందుకు పట్టుకెళ్లిపోనావు? అడిగినావా? ఆరేళ్ల నుంచి ముక్కిరిగిన దాంతో సస్తన్నాను. నీకు సిగ్గుందా? నా గోడ అవతల నిలబడి ఎళ్లొస్తానని ఒక్క మాట అనుంటే నోరు పోద్దా? నాను బతికినాను. ఊరు బతికినాది. దక్షిణానికి ఎళ్లకు, దాన్ని మూసీసినారు, గాలి నేదు, ఎల్తే అందరూ సస్తారు. మా ఉత్తరాలు మీ కాకి ఎనక గదిలో పడున్నాయి. మీ యంత్రంలో మూడో మీట తిప్పితే దింపుడు పోయి సూపుడు ఒస్తాది. తెరిసి సూడండి. ఇకమీదట అందరికీ కలిపి రాయొద్దు, ఒక్కరికి ఒక్కటి రాయండి. సూది తీసుకుని రా. నేకపోతే రాకు."

చదువుకోలేదు. దిద్దలేదు. మూత వేసి పంపేశాను. కాకి మునిగాక గుర్తొచ్చింది, అన్నకి క్షేమమా అని కూడా అడగలేదు.

2216వ కాకి

దించినవి: అరవై మూడు.

వెనక గదిలోనే. "రేపు పొద్దున్నే కదులుతాం" అని ఉంది. వాళ్లు ముందు పంపి, తరవాత దించుకుంటారు. నా ఉత్తరం అందినా దీన్ని రాసేటప్పటికి చదివి ఉండరు. అదొక్కటే ఆశ. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

చిరుగులు లెక్కపెట్టలేదు.

2217వ కాకి

ఊరంతా కొయ్య కింద ఉంది. గురయ్య తాతని సింహాలు బావ భుజాల మీద ఎత్తుకుని వచ్చాడు. మీట తిప్పాను.

వెనక గది: సున్నా.

ఈ ఆరేళ్లలో ఆ గది ఖాళీగా ఉండటం బహుశా ఇదే మొదలు. వెళ్లిపోయారు. రాసేవాళ్లు లేక ఖాళీ అయింది. మెట్టు మీద నుంచి కిందికి చూశాను, అందరూ నా మొహంలోనే చూస్తున్నారు. మొహం ఎలా పెట్టాలో తెలియక పైకి తిప్పుకున్నాను. పెద్దాయన నీలం సుడి నా మీదే తిరుగుతున్నట్టుంది. ఎంత పెద్దది. పడిపోకుండా ఎలా ఉందో నాకూ తెలియదు.

అప్పుడు తెర మొదటి గీత చూశాను. పది రోజులుగా వెనక గదికే అలవాటుపడ్డ కళ్లు.

ముందు గది: ఒకటి.

ఇళ్ల పేర్లు లేవు. వినండి అని లేదు.

"నర్సీ. సూది నా దగ్గరే ఉన్నాది. దాని ముక్కూ ఇరిగినాది, తిట్టకు. నీది ఒక్కటే మాకు దిగినాది. కన్నమ్మ సదివి, ఇది నర్సే, సచ్చినోల్లు ఇలగ తిట్టరు అన్నాది. నువ్వు సెప్పినట్టు మూడో మీట తిప్పినాం. ఎనక గదిలో మీయి అరవై రెండు ఉన్నాయి. అన్నిటి నెత్తిమీదా మనోల్ల పేర్లు వరసగా పిలిసీసి ఉన్నాయి. బంగారమ్మత్త వాడ ఉత్తరమూ ఉన్నాది. సింహాలు అయితే పేర్లన్నీ పిలిసి కింద సుట్ట ఇత్తానని ఒక్క ముక్క రాసినాడు. కన్నమ్మ ఆల్ల నాన్నది పట్టుకుని లోపల తలుపేసుకున్నాది, ఇంకా రానేదు. బళ్లు మీ వైపు తిప్పినాం. ముగ్గురు తక్కువొస్తాం, ఆరుగురు ఎక్కువొస్తాం. ఆ రోజు నీ గోడ అవతల నిలబడినాను నర్సీ. సెయ్యి పెట్టి సూసినాను. ఎచ్చగా ఉన్నాది. లేపొద్దన్నారు."

రెండుసార్లు చదివాను. మూడోసారి గట్టిగా, అందరికీ వినబడేలా చదివాను. గుసగుసని కేకేసి చదవడం తప్పే.

అరుపులు తగ్గాక గురయ్య తాత వైపు చూశాను.

"పేర్లు పిలవొద్దన్నాను కదా తాతా."

"పిలవకుండా ఎలాగే?" అన్నాడు. "మాట పైకి ఎలాగొస్తాది?"

చుట్టూ చూశాను. అరవై రెండు ఇళ్లవాళ్లూ నేల చూస్తున్నారు. బంగారమ్మత్త కూడా.

దించినవి: ఒకటి. వలలో చిరుగులు: ఆరు. కొయ్య మీద గీకి చెరపాల్సిన పేర్లు: ముప్ఫై ఎనిమిది. తొమ్మిదోది నేనే చెరుపుతాను, సూది వచ్చాక.